భూకంపంలో నేల నీరైతే: లిక్విఫాక్షన్ నుంచి పునాదిని కాపాడుకోవడానికి సమగ్ర మార్గదర్శి

1964 జూన్ 16న జపాన్‌లోని నీగాటాలో భూకంపం వచ్చినప్పుడు కవాగిషి-చో అనే చోట వరసగా ఉన్న అపార్ట్‌మెంట్లు పక్కకు ఒరిగిపోయాయి, వాటిలో ఒకటైతే దాదాపుగా నేల మీద పడుకుంది. ఆశ్చర్యం ఏంటంటే గోడలు పెద్దగా పగల్లేదు, స్లాబులు విరగలేదు. కట్టడం గట్టిదే, దాని కింద ఉన్న ఇసుకే కాసేపు బరువు మోయడం మానేసి చిక్కటి ద్రవంలా మారిపోయింది. దీన్ని నేల ద్రవీకరణ అంటారు, సైట్‌లో ఇంజనీర్లు మామూలుగా లిక్విఫాక్షన్ అనేస్తారు కాబట్టి నేనూ అదే వాడతాను.

ఇల్లు కట్టుకునేవాళ్లు సిమెంట్ ఏది మంచిదో, పిల్లర్‌లో ఎన్ని కడ్డీలు వేయాలో నెలల తరబడి ఆలోచిస్తారు కానీ ఆ పిల్లర్ కింద ఆరు మీటర్ల లోతులో ఏముందో అడిగేవాళ్లు చాలా తక్కువ. నా దృష్టిలో అదే మొదటి ప్రశ్న, స్టీలు సంగతి ఆ తర్వాత. అందుకే స్థలం చూడడం దగ్గర నుంచి భూకంపం వచ్చాక ఏం చేయాలన్నదాకా ఒక్కో అడుగూ ఇక్కడ రాస్తున్నాను. లెక్కలంటే భయపడకండి, ఒకటే లెక్క ఉంది, అది కూడా నేనే చేసి చూపిస్తాను.

మొదటి అడుగు: కింద అసలు ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడం

ఇసుకలో రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ, ఒకదాని మీద ఇంకొకటి ఆనుకుని ఉంటాయి. మీ ఇంటి బరువు ఆ తాకిడి ద్వారానే కిందికి దిగుతుంది. రేణువుల మధ్య ఖాళీల్లో నీళ్లు నిండి ఉంటే ఆ నీళ్లు కూడా కొంత ఒత్తిడి మోస్తాయి, కానీ నీటికి పక్కకు జారకుండా ఆపే బలం లేదు, ఆ బలమంతా రేణువుల మధ్య రాపిడి నుంచే రావాలి. ఒక లోతులో పైనుంచి పడే మొత్తం ఒత్తిడి నుంచి నీటి ఒత్తిడిని తీసేస్తే మిగిలేది రేణువులు నిజంగా మోస్తున్న ఒత్తిడి. కార్ల్ టెర్జాఘీ 1920లలో చెప్పిన ఈ చిన్న తీసివేత మీదే ఇవాళ్టి నేల ఇంజనీరింగ్ అంతా నిలబడి ఉంది.

వదులుగా ఉన్న ఇసుకను ఊపితే అది దగ్గరికి సర్దుకోవాలని చూస్తుంది. పొడి ఇసుక అయితే సర్దుకుని కాస్త కుంగుతుంది, కథ అయిపోతుంది. నీళ్లు నిండి ఉంటే మాత్రం రేణువులు దగ్గరికి రావాలంటే మధ్యలో ఉన్న నీళ్లు బయటికి పోవాలి. భూకంపం ఊపు సెకనుకు రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పుతుంటే నీళ్లకు పోయే టైమ్ ఎక్కడిది? పోలేక నీటి ఒత్తిడి ఊపు ఊపుకీ పెరుగుతూ పోతుంది, రేణువుల వాటా తగ్గుతూ వస్తుంది. నీటి ఒత్తిడి మొత్తం ఒత్తిడికి సమానమైన క్షణాన రేణువుల వాటా సున్నా. ఇక ఆ ఇసుకకు బలం దాదాపు లేనట్టే.

ఇది కళ్లతో చూడాలనుకుంటే ఒక బకెట్‌లో వదులుగా ఇసుక పోసి, పైఅంచు దాకా తడిసేలా నీళ్లు నింపి, ఇసుక మీద ఒక ఇటుకను నిలువుగా పెట్టి, బకెట్ పక్కన చేత్తో గబగబా తట్టండి. కాసేపట్లో ఇటుక ఒరిగి లోపలికి దిగుతుంది, నీళ్లు పైకి తేలతాయి. కాంక్రీట్ గురించి ఎన్ని మాటలు చెప్పినా రానంత స్పష్టత ఈ రెండు నిమిషాల్లో వస్తుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఊపు ఆగిన వెంటనే ప్రమాదం ఆగదు. లోపల పేరుకున్న నీటి ఒత్తిడి పైకి దారి వెతుక్కుంటూ నిమిషాల తరబడి ఇసుకతో సహా బుగ్గల్లా బయటికి చిమ్ముతుంది. ఆ ఇసుకంతా మీ పునాది కిందనుంచే వచ్చి ఉండొచ్చు, అంటే అక్కడ అంత మేర ఖాళీ అయినట్టే.

రెండో అడుగు: మీ స్థలం అనుమానించదగ్గదేనా?

దీనికి యంత్రాలు అక్కర్లేదు, నాలుగు విషయాలు తెలిస్తే చాలు. నేల ఇసుకో, జిగట తక్కువున్న ఒండ్రో అయి ఉండాలి. అది వదులుగా ఉండాలి. నీటి మట్టం పైకి ఉండాలి. భూకంపం తగినంత పెద్దదై ఉండాలి, సాధారణంగా 5 పైచిలుకు తీవ్రత నుంచి ఈ ముప్పు లెక్కలోకి వస్తుంది. ఈ నాలుగింట్లో ఒక్కటి లేకపోయినా లిక్విఫాక్షన్ రాదు. రాతి నేల మీదో, గట్టి బంకమట్టి మీదో కడుతున్నవాళ్లకు ఈ విషయంలో టెన్షన్ అక్కర్లేదు, వాళ్లకు వేరే సమస్యలుంటాయి.

నేల వయసు చాలా ముఖ్యం. గడిచిన పదివేల ఏళ్లలో నదులు, సముద్రం తెచ్చి పోసిన ఇసుకలు ఇంకా సరిగా బిగుసుకోలేదు, వాటిలోనూ గత కొన్ని వందల ఏళ్లలో పడ్డవి మరీ బలహీనం. అన్నిటికంటే ప్రమాదం మనుషులు నింపిన నేల, ముఖ్యంగా నీళ్లతో కలిపి పంపుతో ఇసుక పోసి సముద్రాన్నో చెరువునో పూడ్చిన చోట్లు. 1989 అక్టోబర్‌లో లోమా ప్రియెటా భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మెరీనా డిస్ట్రిక్ట్ దెబ్బతిన్నది ఇలాంటి పూడ్చిన నేల వల్లే, 1915 నాటి ప్రదర్శన కోసం అక్కడ నీళ్లను పూడ్చి నేల చేశారు. భూకంప కేంద్రం అక్కడికి దగ్గరేం కాదు, దాదాపు వంద కిలోమీటర్ల దూరం. 2011 మార్చిలో జపాన్ తూర్పు తీరంలో వచ్చిన పెద్ద భూకంపంలో టోక్యో పక్కన ఉన్న ఉరయాసు కూడా అంతే, కేంద్రం ఎక్కడో ఉన్నా సముద్రాన్ని పూడ్చిన నేలలో ఇళ్లు ఒరిగాయి, మ్యాన్‌హోళ్లు రోడ్డు మీదికి పొడుచుకొచ్చాయి. దూరంగా ఉన్నాం కదా అన్న ధీమా పనికిరాదు. పెద్ద భూకంపం ఊపు చాలాసేపు ఉంటుంది, నీటి ఒత్తిడి పెరగడానికి కావాల్సింది అదే.

కాబట్టి పాత మ్యాపులు వెతకండి. నది ఇదివరకు ఎక్కడ పారేదో, చెరువు ఎక్కడ ఉండేదో, ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో చూడండి. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన పెద్దవాళ్లను అడగండి, మ్యాపులో లేనివి కూడా వాళ్లు చెబుతారు. ఇంతకుముందు భూకంపంలో ఇసుక చిమ్మిన చోటైతే అది మళ్లీ చిమ్ముతుందనే అనుకోవాలి. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2010 సెప్టెంబర్ నుంచి 2011 దాకా వచ్చిన వరుస భూకంపాల్లో కొన్ని పేటలు మళ్లీ మళ్లీ ఇసుకలో మునిగాయి. ఒకసారి కుంగింది కదా, ఇక బిగుసుకుని ఉంటుందిలే అనుకున్నవాళ్లకు అక్కడి నేల గట్టి జవాబే చెప్పింది. చివరికి దాదాపు 8,000 ఇళ్ల స్థలాలను నివాసానికి పనికిరావని తేల్చి ఖాళీ చేయించారు.

నీటి మట్టం ఎండాకాలంలో చూసి సరిపెట్టుకోకండి. ఏడాదిలో అది ఎక్కడిదాకా పైకి వస్తుందో ఆ మట్టమే లెక్కలోకి తీసుకోవాలి. అదే స్థలం, అదే ఇసుక, నీళ్లు ఐదు మీటర్ల కింద ఉన్నప్పుడు క్షేమంగా తేలి, ఒక మీటరు దగ్గరికి వచ్చినప్పుడు ఫెయిల్ అవుతుంది.

మూడో అడుగు: బోర్లు వేయించడం, రిపోర్ట్ చదవడం

అనుమానం ఉందని తేలాక ఊహలు ఆపేసి పరీక్ష చేయించాలి. లిక్విఫాక్షన్ ఎక్కువగా పై 15, 20 మీటర్లలోనే ఇబ్బంది పెడుతుంది కాబట్టి బోరు కనీసం 20 మీటర్లు దిగాలి, లేదా అంతకంటే ముందే రాయి తగలాలి. ఆరు మీటర్లకు ఆపేసిన బోరు రిపోర్ట్ మామూలు భూమి బరువు మోసే శక్తి లెక్కకు పనికొస్తుందేమో, దీనికి మాత్రం పనికిరాదు. చిన్న ఇంటికైనా ఒక్క బోరుతో ఆగొద్దు, నదీ తీర నేలల్లో పది మీటర్ల దూరంలోనే పొర మందం మారిపోతుంది. ఒక మూల కింద మూడు మీటర్ల వదులు ఇసుక, ఇంకో మూల కింద ఏమీ లేకపోతే ఇల్లు సమంగా కుంగదు, ఒరుగుతుంది.

బోరులో చేసే ప్రధాన పరీక్ష ఎస్‌పీటీ, అంటే స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్. 63.5 కిలోల సుత్తిని దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని దింపుతారు, మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఎన్ విలువ. వినడానికి సులువుగా ఉంది కానీ సైట్‌లో తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

తాడుతో లాగి వదిలే సుత్తికీ, ఆటోమేటిక్ సుత్తికీ గొట్టానికి చేరే శక్తి ఒకటి కాదు. అందుకే సుత్తి శక్తిలో 60 శాతం గొట్టానికి చేరితే వచ్చే విలువకు ఎన్‌ను సరిచేయాలి. రిపోర్ట్‌లో ఈ సవరణ గురించి ఒక్క మాటా లేకపోతే అడగండి. ఇసుకలో బోరు వేస్తున్నప్పుడు బోరులోని నీళ్లు బయటి నీటి మట్టం కంటే కిందికి పడిపోతే అడుగునుంచి ఇసుక ఉబికి పైకొస్తుంది, అప్పుడు వచ్చే ఎన్ విలువ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గులకరాళ్లు తగిలితే దానికి విరుద్ధంగా, నేల గట్టిగా ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది, ఇదే అసలు ప్రమాదం. ప్రతి 1.5 మీటర్లకు ఒకసారి పరీక్ష చేస్తే మధ్యలో ఉన్న అర మీటరు వదులు పొర అసలు కనిపించకపోవచ్చు. ఈ కారణాల వల్లే వీలుంటే సీపీటీ (కోన్ పెనెట్రేషన్ టెస్ట్) కూడా చేయించమంటాను. అందులో శంకువు లాంటి మొనను ఒకే వేగంతో నేలలోకి నెడుతూ రెండు మూడు సెంటీమీటర్లకు ఒకసారి నిరోధాన్ని కొలుస్తారు, సన్న పొరలు కూడా పట్టుబడతాయి. నమూనా చేతికి రాదు కాబట్టి బోరు అవసరం మాత్రం పోదు.

ల్యాబ్‌లో రెండు విషయాలు తప్పనిసరి. రేణువుల పరిమాణం ఒకటి, సన్నటి మట్టి ఎంత శాతం ఉంది, అది జిగట మట్టా కాదా అన్నది రెండోది. ఇసుక ఒక్కటే ద్రవీకరిస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1999 ఆగస్టులో టర్కీలో వచ్చిన కొజాయెలీ భూకంపంలో అదపజారీ పట్టణంలో బిల్డింగులు సన్నటి ఒండ్రు నేలల్లోనే కుంగి ఒరిగాయి. ఆ తర్వాత జరిగిన పరిశీలనల నుంచి వచ్చిన గీటురాయి ఇది: ప్లాస్టిసిటీ సూచిక (మట్టి జిగటను చెప్పే అంకె) 12 కంటే తక్కువ ఉండి, నేలలోని తేమ దాని లిక్విడ్ లిమిట్‌లో (మట్టి జారుగా మారే తేమ శాతంలో) 85 శాతం దాటితే ఆ మట్టిని అనుమానించాల్సిందే. మట్టి కలిసింది కాబట్టి ఫర్వాలేదు అనే మాట రిపోర్ట్‌లో కనిపిస్తే ఈ రెండు అంకెలూ అడగండి.

నాలుగో అడుగు: ఒక్క లెక్క

1971లో హెచ్. బోల్టన్ సీడ్, ఐ. ఎం. ఇద్రిస్ ఇచ్చిన సులువు పద్ధతినే తర్వాత చాలాసార్లు మెరుగుపరిచి ప్రపంచమంతా వాడుతున్నారు. ఒకవైపు భూకంపం నేలను ఎంత గట్టిగా ఊపుతుంది, ఇంకోవైపు నేల ఎంత తట్టుకుంటుంది, రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చేది భద్రతా గుణకం. ఒకటి కంటే తక్కువైతే ద్రవీకరిస్తుందని అర్థం.

ఉదాహరణకు నీటి మట్టం 1.5 మీటర్ల లోతులో ఉంది, ఆరు మీటర్ల లోతులో శుభ్రమైన ఇసుక, సరిచేసిన శక్తితో ఎన్ విలువ 8. నీటి పైన నేల బరువు ఘనమీటరుకు 18 కిలోన్యూటన్లు, నీటి కింద 19 అనుకుందాం. ఆరు మీటర్ల దగ్గర మొత్తం ఒత్తిడి 27 కూడిక 85.5, అంటే 112.5 కిలోపాస్కల్‌లు. నీటి ఒత్తిడి 4.5 మీటర్లకు 44.1. తీసేస్తే రేణువుల వాటా 68.4.

నేల ఉపరితలం మీద ఊపు గురుత్వ త్వరణంలో 0.2 వంతు వస్తుందనుకోండి. లోతుకు వెళ్లేకొద్దీ ఊపు కాస్త తగ్గుతుంది, ఆరు మీటర్లకు ఆ తగ్గింపు గుణకం 0.954. ఊపు వల్ల వచ్చే ఒత్తిడి నిష్పత్తి 0.65 × 0.2 × 112.5 ÷ 68.4 × 0.954, అంటే సుమారు 0.204. ముందున్న 0.65 ఎందుకంటే, గరిష్ఠ ఊపు ఒక్క క్షణమే ఉంటుంది కాబట్టి సగటుగా అందులో 65 శాతం తీసుకుంటారు.

ఇప్పుడు నేల వైపు. ఎన్ విలువను 100 కిలోపాస్కల్‌ల ఒత్తిడికి సరిచేయాలి, 100ను 68.4తో భాగించి వర్గమూలం తీస్తే 1.21, దాంతో 8ని గుణిస్తే సుమారు 9.7. భూకంపాల తర్వాత ద్రవీకరించిన చోట్లు, ద్రవీకరించని చోట్లు పోల్చి గీసిన రేఖ మీద శుభ్రమైన ఇసుకకు ఈ విలువ దగ్గర నిరోధ నిష్పత్తి సుమారు 0.11 వస్తుంది. ఆ రేఖ 7.5 తీవ్రతకు గీసింది, మనం 7.0 తీవ్రతకు చూస్తున్నాం అనుకుంటే దాన్ని 1.19తో గుణించాలి, 0.131 అవుతుంది. 0.131ని 0.204తో భాగిస్తే 0.64. ఈ పొర ద్రవీకరిస్తుంది, అందులో సందేహం లేదు.

అదే లోతులో ఎన్ విలువ 25 ఉంటే సరిచేశాక 30 దాటుతుంది, అలాంటి శుభ్రమైన ఇసుక ద్రవీకరించదని లెక్క ఆపేయొచ్చు. ఈ తేడా చూడండి, 8కీ 25కీ మధ్యే అంతా ఉంది. అందుకే ఎన్ విలువ సరిగా తీశారా అని మూడో అడుగులో అంత పట్టుపట్టాను. ఈ లెక్కను ఒక్క లోతులో కాదు, ప్రతి పరీక్ష లోతులోనూ చేయాలి. భద్రతా గుణకం కనీసం ఎంత ఉండాలో మీ దేశపు భూకంప కోడ్ చెబుతుంది. 1.05 వచ్చింది కదా అని సంబరపడే రకం లెక్క కాదు ఇది, అందులో పెట్టిన అంకెలన్నీ అంచనాలే.

ఐదో అడుగు: ద్రవీకరిస్తే నా బిల్డింగ్‌కు ఏమవుతుంది?

గుణకం ఒకటి కంటే తక్కువ వచ్చినంత మాత్రాన ఇల్లు కూలిపోతుందని కాదు. పొర ఎంత మందం, ఎంత లోతులో, పైన ఎంత గట్టి నేల ఉంది, పక్కన నదీ ఒడ్డుందా అన్నవే నష్టాన్ని తేలుస్తాయి. పైన నీళ్లు తగలని గట్టి పొర మందంగా ఉండి, కింద పల్చటి పొర మాత్రమే ద్రవీకరిస్తే తేలికైన ఇల్లు చాలావరకు తట్టుకుంటుంది.

మొదటిది కుంగడం. వదులు ఇసుక ద్రవీకరించి మళ్లీ సర్దుకునేటప్పుడు దాని మందంలో సుమారు 1 నుంచి 5 శాతం తగ్గుతుంది. మూడు మీటర్ల పొరలో 3 శాతం అంటే 9 సెంటీమీటర్లు. ఖాళీ స్థలంలో లెక్క ఇది, బిల్డింగ్ కింద ఇంకా ఎక్కువ, ఎందుకంటే మెత్తబడ్డ నేలను బిల్డింగ్ బరువు పక్కలకు నెట్టేసి తాను దిగుతుంది, పైగా ఇసుక బయటికి చిమ్మిన మేర అదనం. అంతా సమంగా కుంగితే మెట్లు, పైపులు సరిచేసుకుని బతకొచ్చు. తేడాగా కుంగడమే చంపేది. ఆరు మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా వస్తే గోడల్లో పగుళ్లు మొదలవుతాయి, నాలుగు సెంటీమీటర్లు దాటితే ఫ్రేమ్‌కే ముప్పు.

రెండోది ఒరగడం. ఎత్తుగా, సన్నగా ఉండి, ఒకవైపు బరువు ఎక్కువున్న బిల్డింగులకు, పక్క బిల్డింగ్‌కు ఆనుకుని కట్టినవాటికి ఈ బెడద ఎక్కువ.

మూడోది నేల పక్కకు జారడం, నన్నడిగితే ఇదే అన్నిటికంటే కర్కశమైనది. కంటికి చదునుగా కనిపించే నేల కూడా, వాలు ఒక శాతం కూడా లేకపోయినా, కింద పొర ద్రవీకరించాక నదివైపో సముద్రంవైపో మీటర్ల మేర జరుగుతుంది. 1995 జనవరిలో జపాన్‌లోని కోబేలో వచ్చిన భూకంపంలో రేవు గోడలు కొన్ని మీటర్లు సముద్రంలోకి జరిగాయి. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని కార్యాలయ టవర్ పైల్ పునాది (నేలలోకి లోతుగా దింపిన స్తంభాలు) మీదే ఉంది, అయినా నేల సముద్రంవైపు జరగడంతో ఒరిగింది. 2018 సెప్టెంబర్‌లో ఇండోనేషియాలోని పాలూలో పెటొబో, బలరోఆ ప్రాంతాల్లో స్వల్ప వాలున్న నేల ఇళ్లతో సహా వందల మీటర్లు ప్రవహించింది. ఒడ్డుకు దగ్గరగా స్థలం ఉంటే నా సలహా సూటిగా ఒకటే, అక్కడ కట్టొద్దు. తప్పకపోతే ముందు ఒడ్డును ఆపే పని జరగాలి, ఆ తర్వాతే ఇల్లు. ఒక్క ఇంటి యజమాని ఖర్చుతో అయ్యే పని కాదది.

నాలుగోది పైకి తేలడం. ద్రవీకరించిన ఇసుక నీటికంటే దాదాపు రెండింతలు బరువు, కాబట్టి లోపల ఖాళీగా ఉన్న ఏ వస్తువైనా తేలుతుంది. సెప్టిక్ ట్యాంకులు, సంపులు, మ్యాన్‌హోళ్లు, ఖాళీ బేస్‌మెంట్లు పైకి లేస్తాయి, వాటికి కలిపిన పైపులు తెగిపోతాయి. ఇల్లు నిలబడ్డా నీళ్లు, డ్రైనేజీ లేక వారాల తరబడి ఇబ్బంది పడేది దీనివల్లే.

1934 జనవరి 15 నాటి బీహార్-నేపాల్ భూకంపంలో ఇవన్నీ ఒకేసారి కనిపించాయి. దాదాపు 300 కిలోమీటర్ల పొడవున నేల మెత్తబడి ఇళ్లు కూలకుండానే ఒరుగుతూ కుంగిపోయిన పట్టీని అప్పట్లో పరిశీలించినవాళ్లు స్లంప్ బెల్ట్ అని పిలిచారు.

ఆరో అడుగు: దారి ఎంచుకోవడం

మొదటి దారి స్థలం మార్చడం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ ఇంకా స్థలం కొనకముందే ఈ పరీక్షలు చేయిస్తే ఇదే అన్నిటికంటే చవక.

రెండో దారి నేలను బాగు చేయడం. వదులు పొర పల్చగా, పైనే ఉంటే తవ్వేసి మంచి మట్టితో పొరలుపొరలుగా దట్టించి నింపొచ్చు. లోతుగా ఉంటే కంపించే పొడవాటి గొట్టాన్ని దింపి ఇసుకను బిగించే పద్ధతి ఉంది, ఇది శుభ్రమైన ఇసుకలో బాగా పనిచేస్తుంది, సన్నటి మట్టి 15 శాతం దాటితే పట్టు తగ్గిపోతుంది. అలాంటి నేలకు రాతి స్తంభాలు నయం, అదే గొట్టంతో కంకర దింపుతూ బిగిస్తారు, చుట్టూ ఇసుక బిగుసుకుంటుంది, నీటి ఒత్తిడి బయటికి పోవడానికి కొంత దారీ దొరుకుతుంది. 10 నుంచి 30 టన్నుల బరువును క్రేన్‌తో ఎత్తి పడేసే పద్ధతి పెద్ద ఖాళీ స్థలాలకు చవక, సుమారు పది మీటర్ల లోతుదాకా పనిచేస్తుంది, కానీ పక్కన ఇళ్లుంటే ఆ మాట ఎత్తొద్దు, వాళ్ల గోడలు పగులుతాయి. సిమెంట్‌ను నేలలోనే కలిపి గోడల్లాంటి గళ్లు కట్టే పద్ధతి ఖరీదైనదే, అయినా దాని బలం ఏంటో కోబేలో తెలిసింది. మెరికెన్ పార్కులో అప్పటికి ఇంకా కడుతున్న ఓరియంటల్ హోటల్ కింద ఇలాంటి గళ్లే ఉన్నాయి, పక్కన రేవు గోడలు జరిగిపోయినా ఆ హోటల్ పునాది క్షేమంగా నిలిచింది.

బాగు చేసే మేర బిల్డింగ్ అంచు దగ్గర ఆగకూడదు, కనీసం ఆ పొర లోతులో సగం దూరమైనా బయటికి వెళ్లాలి, లేకపోతే చుట్టూ మెత్తబడ్డ నేల అంచులను లాగేస్తుంది. పని అయ్యాక మళ్లీ ఎస్‌పీటీ గానీ సీపీటీ గానీ చేసి నాలుగో అడుగులోని లెక్క తిరిగి చేయాలి. కాంట్రాక్టర్ ఎన్ని స్తంభాలు దింపాడన్నది కాదు, ఎన్ విలువ ఎంత పెరిగిందన్నదే ఫలితం. ఈ షరతు ముందే కాంట్రాక్ట్‌లో రాసుకోండి.

మూడో దారి నేల సంగతి తెలిసే దానికి తగిన పునాది వేయడం. ఒకటి రెండు అంతస్తుల తేలికైన ఇంటికి ఒక్కో పిల్లర్ కింద విడివిడి ఫుటింగులు వద్దు, ఇల్లంతటి కింద ఒకే పలకలా మందమైన గట్టి రాఫ్ట్ వేస్తే ఇల్లు కుంగినా ఒక్క ముక్కగా కుంగుతుంది, తర్వాత జాకీలతో ఎత్తి సరిచేసుకునే అవకాశం మిగులుతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపాల తర్వాత నేలను టీసీ1, టీసీ2, టీసీ3 అని వర్గాలు చేసి, బలహీనమైన వర్గాలకు ఇలా మళ్లీ లెవెల్ చేయగల పునాదులను ప్రోత్సహించారు. నాకు ఈ ఆలోచన చాలా నచ్చుతుంది, కుంగుతుందని ఒప్పుకుని డిజైన్ చేయడంలో నిజాయితీ ఉంది. విడి ఫుటింగులే వేయక తప్పకపోతే అన్నిటినీ రెండు దిక్కులా బలమైన టై బీములతో (ఫుటింగులను కలిపే అడ్డ దూలాలతో) కట్టేయండి. పైపులు గోడలోకి వచ్చే చోట వంగే జాయింట్లు పెట్టండి, సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు తేలిపోకుండా బరువైన అడుగు స్లాబ్ వేయించండి.

ఏడో అడుగు: పైల్స్ వేస్తే అయిపోయిందా?

కాలేదు. పైల్స్ వేశాం కదా అన్న నమ్మకం చాలాచోట్ల దెబ్బతీసింది. పైల్ ద్రవీకరించే పొరను దాటి కింద గట్టి పొరలోకి తగినంత దిగాలి, ద్రవీకరించే పొరలో పక్క రాపిడి నుంచి వచ్చే బలాన్ని లెక్కలో సున్నా చేయాలి. అంతే కాదు, ఊపు ఆగాక ఆ పొర సర్దుకుంటూ పైన ఉన్న నేలతో కలిసి పైల్‌ను కిందికి లాగుతుంది, ఆ అదనపు బరువు కూడా కలపాలి. మెత్తబడ్డ పొరలో పైల్‌కు పక్కనుంచి ఆసరా ఉండదు, సన్నగా పొడవుగా ఉంటే వంగిపోతుంది. నేల పక్కకు జారే చోటైతే పైనున్న గట్టి పొర మొత్తం పైల్స్‌ను తోస్తుంది. నీగాటాలో షోవా వంతెన పైల్స్ వంగి దాని గడ్డర్లు నదిలో పడ్డాయి, అప్పటికి ఆ వంతెన కొత్తది.

డిజైనర్‌ను ఈ మూడు అడగండి: ద్రవీకరించే పొరలో రాపిడి తీసేశారా, కిందికి లాగే బరువు కలిపారా, గట్టి పొర, మెత్తటి పొర కలిసే చోట వంపు బలాన్ని చూసి స్టీలు ఆ లోతుదాకా ఇచ్చారా? మూడోదానికి తడబడితే డ్రాయింగ్ వెనక్కి పంపండి, పగుళ్లు వచ్చేది సరిగ్గా ఆ కలిసే చోటే.

ఎనిమిదో అడుగు: ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంటే

చేతులెత్తేయాల్సిన పని లేదు. ముందు ఇంటి బయట బోరో సీపీటీయో చేయించి నిజంగా ముప్పుందో లేదో తేల్చుకోండి. ఉంటే పునాది కింద గట్టి మోర్టారును ఒత్తిడితో పంపి ఇసుకను బిగించడం, చిన్న వ్యాసం పైల్స్‌ను పునాదికి జతచేయడం, ఇంటి చుట్టూ నీటి మట్టం తగ్గించే డ్రెయిన్లు వేయడం లాంటి దారులున్నాయి. చివరిదానిలో ఒక చిక్కుంది, నీటి మట్టం తగ్గితే బంకమట్టి పొరలు కుంగొచ్చు, అదీ పక్కవాళ్ల ఇళ్ల కింద, కాబట్టి లెక్క చూడకుండా మొదలుపెట్టకండి. ఏదీ చేయలేకపోయినా పైన కొత్త అంతస్తు మాత్రం వేయకండి, ఆ బరువు నేరుగా కుంగుబాటుకు చేరుతుంది.

తొమ్మిదో అడుగు: భూకంపం వచ్చిపోయాక

నేల మీద ఇసుక గుట్టలు, నీటి బుగ్గలు కనిపిస్తే లిక్విఫాక్షన్ జరిగినట్టే. ఇల్లు నిటారుగా కనిపిస్తున్నా గ్యాస్, కరెంటు కనెక్షన్లు ఆపేసి బయటికి రండి, కింద పైపులు తెగి ఉండొచ్చు. చిమ్మిన నీళ్లలో డ్రైనేజీ కలిసి ఉంటుంది, పిల్లలను అందులో తిరగనివ్వకండి.

ఇసుక ఎత్తేయకముందే ఫోటోలు తీయండి, ఎక్కడ ఎంత మందం ఉందో స్కేల్ పెట్టి మరీ. మరమ్మతు డిజైన్ చేసేవాళ్లకు ఇది చాలా పనికొస్తుంది, ఇసుక ఎత్తేశాక ఎవరూ చెప్పలేరు. ఇంటి నాలుగు మూలల్లో ట్యూబ్ లెవెల్‌తో మట్టం కొలిచి రాసుకోండి, కొన్ని రోజులకు మళ్లీ కొలవండి. తేడా పెరుగుతూ ఉంటే ఇంకా కుంగుతోందన్నమాట, కుంగడం ఆగేదాకా పగుళ్లు పూడ్చినా ప్రయోజనం లేదు. తర్వాత వచ్చే ప్రకంపనల్లో అదే నేల మళ్లీ ద్రవీకరించగలదు, కాబట్టి ఒరిగిన ఇంట్లోకి సామాన్ల కోసమైనా సరే, ఇంజనీర్ చూసి చెప్పేదాకా వెళ్లకండి. ఆ ఇంజనీర్ పిల్లర్ల పగుళ్లు చూసి సరే అనేస్తే సరిపోదు, మీరు రాసుకున్న మూలల మట్టాలు, ఇసుక ఫోటోలు చేతికిచ్చి పునాది సంగతి విడిగా అడగండి.